వాలై ట్రోలింగ్‌కి ప్లేనర్ బోర్డులు: చిన్న పడవకి ఇన్‌లైన్ తీసుకోవాలా, మాస్ట్ పెట్టాలా?

కొత్త_గాలం:

అందరికీ నమస్తే. అమెరికాలో ఈరీ సరస్సు పశ్చిమ భాగంలో వాలై అనే చేప కోసం మేము ట్రోలింగ్‌కి (నడిచే పడవ నుంచి ఎరలు లాగుతూ పట్టడానికి) వెళ్తుంటాం. పడవ 18 అడుగులది, పెద్ద మోటారు పక్కన చిన్న కిక్కర్ కూడా ఉంది. ఎప్పుడు వెళ్లినా నేనూ మా బావమరిదీ, ఇద్దరమే. ఇప్పటిదాకా లైన్లు పడవ వెనకాలే వదిలి లాగుతున్నాం. చేపలు బొత్తిగా పడట్లేదని కాదు, కానీ పక్కనుంచి అటూ ఇటూ ప్లేనర్ బోర్డులు (లైన్‌ని పడవకి దూరంగా పక్కకి లాగే తేలే పలకలు) వేసుకుని వెళ్లేవాళ్లు వరసగా వల ముంచుతుంటే మా రాడ్లు అలాగే నిలబడి ఉంటాయి. ఈ సీజన్‌కి బోర్డులు కొందామని గట్టిగా అనుకున్నాం.

చదివినకొద్దీ అయోమయం పెరుగుతోంది. కొందరు ఒక్కో లైన్‌కీ తగిలించే ఇన్‌లైన్ బోర్డులు చాలంటారు, కొందరు మధ్యలో స్తంభం (మాస్ట్) పెట్టి రెండు పెద్ద బోర్డులు లాగితేనే సుఖం అంటారు. మా రీళ్లలో సగం బ్రెయిడ్ (అల్లిన దారం) ఉంది, అది క్లిప్పుల్లోంచి జారిపోతుందని కూడా విన్నాను. ఇంకోటి, బోర్డు అంత దూరంలో ఉంటే చిన్న చేప పడినట్టు ఎలా తెలుస్తుంది? వాడేవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

టొలీడో_తీరం:

ఇద్దరు మనుషులు, 18 అడుగుల పడవ అన్నారు కాబట్టి సందేహం లేకుండా ఇన్‌లైన్. మాస్ట్ పెట్టాలంటే పడవ ముందు భాగంలో స్తంభం, దానికి రెండు రీళ్లు, బోర్డుల్ని లాగే లావు తాళ్లు, వాటి మీద జారే రిలీజులు (లైన్‌ని పట్టి ఉంచి, చేప గుంజితే వదిలేసే క్లిప్పులు) కావాలి. ఇంతా చేస్తే చిన్న పడవలో కాలు పెట్టే చోటు ఉండదు. ఇన్‌లైన్ అయితే నాలుగు బోర్డులు ఒక డబ్బాలో పడేసుకుని వెళ్లిపోవచ్చు.

ఇక్కడ ఎక్కువమంది చేతుల్లో కనిపించేవి ఆఫ్‌షోర్ ఓఆర్12, చర్చ్ టీఎక్స్-22. రెండూ వాలైకి బాగా పనిచేస్తాయి. ఓఆర్12 ఎడమవైపుకి వేరు, కుడివైపుకి వేరు వస్తుంది, కొనేటప్పుడు జత చూసుకోండి. మొదట రెండు జతలు చాలు. మరీ చిన్న సైజు బోర్డులు చవగ్గా వస్తున్నాయి కదా అని తీసుకోకండి, అలలు కాస్త లేచినా, లోతుగా దిగే పెద్ద క్రాంక్‌బెయిట్ (చేప ఆకారపు బొమ్మ ఎర) కట్టినా అవి పక్కకి వెళ్లలేక వెనక్కి వచ్చేస్తాయి.

అసలు బోర్డులు ఎందుకు అంత తేడా చూపిస్తాయంటే, పశ్చిమ భాగం సగటు లోతు 24 అడుగులే. అంత తక్కువ నీళ్లలో, అదీ తేటగా ఉన్న రోజున, పడవ తల మీదుగా వెళ్తే చేప పక్కకి తప్పుకుంటుంది. వెనకాలే వచ్చే మీ ఎర ఖాళీ అయిపోయిన దారిలోంచి వెళ్తుంది. బోర్డు మీ ఎరని పడవకి 60, 80 అడుగులు పక్కకి తీసుకెళ్తుంది, అక్కడ చేపకి పడవ సంగతే తెలియదు. పైగా ఒకేసారి ఎంత వెడల్పు నీళ్లు వెతుకుతున్నారో చూడండి.

ఆరు_రాడ్లు:

మాస్ట్‌ని అంత తేలిగ్గా కొట్టేయకండి అన్నా. నేను పెద్ద పడవలో నలుగురైదుగురితో వెళ్తాను, మాకు అదే సరి. చేప ఎర అందుకోగానే లైన్ రిలీజ్‌లోంచి ఊడిపోతుంది, ఆ తర్వాత లైన్ మీద బోర్డు బరువంటూ ఏమీ ఉండదు, చేపా మీరూ అంతే. పిల్లలు, కొత్తవాళ్లు పడవలో ఉంటే ఆ హాయి వేరు. మధ్యలో ఆగి బోర్డు విప్పే పని లేదు. అలలు పెద్దవైనా ఆ పెద్ద బోర్డులు నిలకడగా లాగుతాయి. చార్టర్ పడవల్లో చాలామంది మాస్ట్ వాడేది ఊరికే కాదు.

కానీ ప్రశ్న అడిగినవాళ్లు ఇద్దరే కాబట్టి, నేనూ ఇన్‌లైన్ వైపే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, మాస్ట్‌లో రిలీజ్ బిగుతుగా ఉంటే చిన్న చేప దాన్ని ఊడదీయలేదు, ఎంతసేపైనా ఈడ్చుకుంటూనే తిరుగుతారు. ఈ మధ్య ఈరీలో 15 అంగుళాలు దాటని పిల్ల వాలైలు బాగా తగులుతున్నాయి. ఒహాయోలో అంతకన్నా చిన్నది ఉంచుకోకూడదు కదా, నీళ్లలోకి తిరిగి వదలాల్సిన చేపని అరగంట ఈడ్చి చంపడం నాకు అస్సలు నచ్చదు.

కొత్త_గాలం:

ఇద్దరికీ థాంక్స్ అండీ. ఇన్‌లైన్ అని తేలిపోయింది. ఆ చిన్న చేపల విషయమే నాకూ టెన్షన్. ఇన్‌లైన్‌లో అది ఎలా కనిపెడతారు? అలాగే వేసే పద్ధతి, బ్రెయిడ్ సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

శాండస్కీ_వాసి:

చిన్న చేపల కోసమే జెండా కిట్ ఉంది, టాటిల్ ఫ్లాగ్ అంటారు, ఓఆర్12కి విడిగా దొరుకుతుంది. జెండా స్ప్రింగుతో నిలబడి ఉంటుంది, వెనక లైన్ మీద బరువు పెరిగితే కిందికి వాలుతుంది. ముందు ఎర ఒక్కటే లాగుతున్నప్పుడు జెండా కొంచెం వెనక్కి వంగి ఉండేలా స్ప్రింగు సర్దుకోండి. చేప పడితే ఇంకా వాలిపోతుంది, ఎరకి గడ్డి చుట్టుకున్నా వాలిపోతుంది. ఎర పనిచేయడం మానేసి ఊరికే తిరుగుతుంటే జెండా నిటారుగా లేస్తుంది, అది కూడా సమాచారమే. జెండా లేకపోయినా కంటితో పట్టొచ్చు: పక్క బోర్డులు ముందుకి వెళ్తుంటే ఒకటి మాత్రం మెల్లగా వెనకబడుతుంది, ముక్కు ఎత్తి, అల మీద తేలకుండా అలలోంచి చీల్చుకుని వస్తుంది. పెద్ద చేపైతే అడగక్కర్లేదు, బోర్డు ఒక్కసారిగా వెనక్కి గుంజుకుపోతుంది.

ఇక క్లిప్పులు. బోర్డు కన్నా ముందు మీరు దృష్టి పెట్టాల్సింది వీటి మీద. ఓఆర్12 తో బోర్డు ముందున్న చేతి లాంటి కమ్మీకి నారింజ రంగు రిలీజ్, వెనక ఎర్ర క్లిప్ వస్తాయి. ఎర్రదాని మధ్యలో చిన్న పిన్ను ఉంటుంది, లైన్ ఆ పిన్నుకి వెనకగా పడేలా పెట్టాలి. అప్పుడు ముందు రిలీజ్ ఊడినా బోర్డు లైన్ మీదే వేలాడుతుంది. లైన్ పిన్నుకి ఇవతల పెడితే బోర్డు సరస్సు పాలు. చాలామంది బోర్డు మీద ఫోన్ నంబరు రాసి పెట్టుకునేది అందుకే, మీరూ రాయండి.

బ్రెయిడ్ జారుతుంది, నిజమే. లైన్‌ని వేళ్ల మధ్య పట్టి చిన్న ఉచ్చులా చేసి ఐదారు మెలికలు తిప్పండి, ఆ ఉచ్చుని పిన్ను మీదుగా వేసి క్లిప్ మూయండి, జారదు. నా సలహా అడిగితే మాత్రం, ట్రోలింగ్ రీళ్లకి 10 లేదా 12 పౌండ్ల మోనో (ఒకే పోగు నైలాన్ దారం) వేసుకోండి. అది కాస్త సాగుతుంది, మెత్తటి వాలై నోట్లోంచి ముల్లు చిరిగి బయటికి రాదు. లోతు పట్టికలు కూడా ఎక్కువగా మోనోకే ఉంటాయి. సన్నటి బ్రెయిడ్ మీద అదే క్రాంక్‌బెయిట్ అంతే లైన్‌తో ఇంకా లోతుకి దిగుతుంది, ఒక రాడ్‌కి అది, ఒక రాడ్‌కి ఇది ఉంటే లెక్క కుదరదు. లైన్ కౌంటర్ రీల్ తప్పనిసరి. చేప పడినప్పుడు ఎన్ని అడుగుల దగ్గర పడిందో తెలియకపోతే మళ్లీ అదే లోతుకి ఎర పంపడం కుదరదు.

వేసే పద్ధతి ఇది. ఎరని ముందు పడవ పక్కన నీళ్లలో పెట్టి నిటారుగా ఈదుతోందో లేదో చూడండి, ఒక పక్కకి వంగి తిరిగితే సరిచేశాకే వదలండి. కౌంటర్ చూస్తూ అనుకున్న దూరం, ఉదాహరణకి 80 అడుగులు, వదిలి రీల్ ఆపి బోర్డు తగిలించండి. బోర్డుని ముక్కు ముందుకి ఉండేలా నీళ్లలో దించి, బొటనవేలితో స్పూల్‌ని అదిమి పట్టి మెల్లగా జారనివ్వండి. ఇది ఓపిక పట్టాల్సిన చోటు. గాలిపటాన్ని దారం బిగువే పైకి లేపినట్టు, బోర్డుని పక్కకి నెట్టేది లైన్ బిగువే. దారం వదులు చేసేస్తే బోర్డు పక్కకి పోదు, నేరుగా వెనక్కి పోతుంది. అన్నిటికన్నా బయటికి వెళ్లేదాన్ని ముందు వేసి, ఆ రాడ్‌ని పడవ ముక్కుకి దగ్గరగా ఉన్న హోల్డర్‌లో పెట్టండి. లోపలివి ఒక్కొక్కటిగా వెనక హోల్డర్లలోకి. లేకపోతే లైన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి.

బయటి బోర్డు మీద చేప పడితే కంగారుపడి చుట్టకండి. దాన్ని వెనకబడనివ్వండి, లోపలి లైన్లన్నీ దాటి పడవ వెనకకి వచ్చాక చుట్టండి. పడవ ఆపొద్దు, మరీ పెద్ద చేపైతే కాస్త వేగం తగ్గించండి చాలు. రాడ్ ఎత్తి దించి లాగడం వద్దు, ఒకే వేగంతో చుట్టండి, ఆ ఎత్తి దించే మధ్యలోనే లైన్ వదులై చేప పోతుంది. బోర్డు చేతికి అందే దూరానికి రాగానే రాడ్ పట్టుకున్నవాళ్లు వంపు తగ్గకుండా నిలబడాలి, రెండోవాళ్లు రెండు క్లిప్పులూ నొక్కి బోర్డు తీసేయాలి. మీరిద్దరూ ఈ పని ఒడ్డున ఒకసారి చేసి చూసుకోండి. ఆ చేపని పడవలోకి తెచ్చాక మిగతా బోర్డుల్ని ఇంకాస్త బయటికి వదిలి, తిరిగి వేసేదాన్ని లోపలి చోట్లో వేయండి, పని సగం తగ్గుతుంది.

టొలీడో_తీరం:

పై పోస్ట్‌కి వేగం గురించి కొంచెం కలుపుతాను. వసంతంలో నీళ్లు చల్లగా ఉన్నప్పుడు గంటకి 1.2 నుంచి 1.5 మైళ్లు, వేసవిలో క్రాంక్‌బెయిట్లకి 2 దాటి 2.5 దాకా కూడా వెళ్లొచ్చు. క్రాలర్ హార్నెస్ (వానపాము గుచ్చి లాగే ఎర) అయితే 1 మైలు దగ్గర్లో మొదలుపెట్టండి. కానీ ఏ రోజు ఎంత కావాలో చేపలే చెప్తాయి, దానికి మలుపులు వాడుకోండి. పడవ మెల్లగా పాములా వంకర తిరుగుతుంటే మలుపు లోపలి బోర్డులు నెమ్మదిస్తాయి, బయటివి వేగం పెంచుకుంటాయి. చేపలు లోపలివాటికే పడుతుంటే వేగం తగ్గించమని అర్థం, బయటివాటికి పడుతుంటే పెంచమని. మలుపు మాత్రం వెడల్పుగా తీసుకోండి. చటుక్కున తిప్పితే లోపలి బోర్డు నీళ్లలో ఆగిపోతుంది, లైన్ వదులవుతుంది, ఆ పక్కనున్న లైన్లన్నీ చుట్టుకుంటాయి, వాటిని విప్పడానికే పొద్దు గడిచిపోతుంది.

గాలి ఉన్న రోజు అలలతో పాటే వెళ్లండి, ఎదురు వెళ్తే బోర్డులు ఎగిరెగిరి పడతాయి. వెనక నుంచి వచ్చే అల పడవని ముందుకి తోసేసి వేగం ఎక్కువైతే నీళ్లలో డ్రిఫ్ట్ సాక్ (నీటిని పట్టి పడవని నెమ్మది చేసే గుడ్డ సంచి) వేస్తే అదుపులోకి వస్తుంది.

కొత్త_గాలం:

ఇది కదా నాకు కావాల్సింది! మోనో ఎక్కిస్తాను, రెండు జతలు జెండాలతో తీసుకుంటాను. ఆఖరి ప్రశ్న: క్రాంక్‌బెయిట్ లోతు చాలకపోతే బరువు కలపొచ్చా? బోర్డు మోస్తుందా?

శాండస్కీ_వాసి:

కలపొచ్చు. 50 అడుగులు వదిలి లైన్ మీద స్నాప్ వెయిట్ క్లిప్ పెట్టండి, ఇంకో 50 అడుగులు వదిలి అప్పుడు బోర్డు తగిలించండి. దీన్నే ఇక్కడ 50-50 అంటారు. 1 లేదా 2 ఔన్సులతో మొదలుపెట్టండి, బోర్డు ముక్కు ముంచకుండా పక్కకి లాగుతూ ఉంటే బరువు సరిపోయినట్టే. బరువు పెట్టాక జెండా స్ప్రింగుని మళ్లీ సర్దుకోండి, మునుపటి బిగువు మీద అది ఊరికే పడుకుంటుంది. చేప వస్తున్నప్పుడు ముందు బోర్డు, తర్వాత స్నాప్ వెయిట్ చేతికి వస్తాయి, రెంటినీ తీసేవరకూ మీ బావమరిది పక్కనే ఉండాలి.

ఆరు_రాడ్లు:

రాడ్ల సంఖ్య కూడా చూసుకోండి. మిషిగన్‌లో, విస్కాన్సిన్‌లో మనిషికి మూడు లైన్లు వేయొచ్చు, మినెసోటా లోపలి సరస్సుల్లో ఎండాకాలం ఒక్కటే. పడవ ఏ రాష్ట్రం నీళ్లలో ఉంటే ఆ రాష్ట్రం రూలే, ఈరీలో ఆ సరిహద్దు నీళ్ల మీద గీత గీసి ఉండదు, జీపీఎస్‌లో చూస్తూ ఉండాలి.