అప్‌డేట్: కాళ్లు పడిపోయిన పెట్టకు వచ్చినది మారెక్స్ వ్యాధి

ఒక కాలు ముందుకు, మరొకటి వెనక్కు చాచి పడిపోయిన మా పెట్టకు వచ్చినది విటమిన్ లోపమా, అంటువ్యాధా అని గతంలో అడిగాను. బి2 లోపమైతే కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోతాయని చెప్పారు. దాని వేళ్లు మామూలుగానే ఉన్నాయి, బి2 ఇచ్చినా గుణం కనిపించలేదు. పెట్ట చనిపోయాక పశువైద్యుడు కోసి పరీక్షించి, ఒక తొడలోని నరం రెండో వైపు నరం కంటే బాగా లావెక్కి, చారలు పోయి, బూడిద రంగుకు తిరిగి ఉండటం చూపించి, ఇది మారెక్స్ వ్యాధేనని చెప్పారు.

1907లో హంగేరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ వర్ణించిన ఈ వ్యాధి హెర్పిస్ జాతి వైరస్ వల్ల వస్తుంది. దీనికి చికిత్స లేదు. ఈకల మూలాల నుంచి రాలే పొట్టుతో దుమ్ములో కలిసిన వైరస్ నెలల తరబడి బతికి ఉండి, శ్వాసతో లోపలికి చేరుతుంది. ఊరట కలిగించే విషయమేమిటంటే, ఇది గుడ్డు ద్వారా పిల్లకు రాదు, మనుషులకు సోకదు.

మిగిలిన కోళ్లలో ఒకటి కుంటుతోంది. మిగతావి పొడవకుండా దానిని వేరుచేసి, మేత, నీళ్లు ముక్కుకు అందేంత దగ్గరగా పెడుతున్నాను. టీకా ఈ వ్యాధి తెచ్చే కణితులను, పక్షవాతాన్ని చాలావరకు అడ్డుకుంటుంది గానీ వైరస్ సోకడాన్ని ఆపదు కనుక, ఆరోగ్యంగా కనిపించే కోళ్లను సైతం ఎవరికీ ఇవ్వదలచుకోలేదు. ఇకపై గుడ్డు నుంచి బయటికొచ్చిన రోజే టీకా వేసిన పిల్లలనే తెచ్చి, రోగనిరోధక శక్తి ఏర్పడే వరకు పాత గూటికి దూరంగా పెంచుతాను.