కృష్ణజింకల మందలను తగ్గించాలా, వద్దా?

ఆస్పరి రైతు:
అందరికీ నమస్తే. మాది కర్నూలు జిల్లా, ఆస్పరి పక్క పల్లె. నల్లరేగడిలో పప్పుశనగ వేస్తాం, ఎర్రనేలలో బుడ్డలు. మొలకెత్తి నాలుగాకులు వేసేసరికి జింకల మంద దిగుతుంది. తినేది కొంచెం, తొక్కేది ఎక్కువ. చేను చుట్టూ పాత చీరలు కట్టాం, రాత్రిళ్లు డబ్బాలు మోగించాం. నాలుగు రోజులు బెదురుతాయి, ఆ తర్వాత చీర పక్కనే నిలబడి మేస్తాయి. పరిహారానికి అర్జీ పెడితే ఫొటోలు సరిగా లేవని తిప్పి పంపారు.

సూటిగా అడుగుతున్నా. నా చిన్నప్పుడు ఎక్కడో ఒకటీ అరా కనిపించేవి, ఇప్పుడు మందలు. వాటిని తినే జంతువు లేదు, మనం ముట్టుకుంటే జైలు. మరి వీటి సంఖ్యకు అడ్డేది? ప్రభుత్వమే ఏటా కొన్నిటిని కాల్చి తగ్గించాలంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి. "అయ్యో పాపం" అనేది కారణం కాదు.

జువాలజీ సార్, అనంతపురం:
అన్నా, పాపపుణ్యాలు పక్కన పెట్టే మాట్లాడతాను. ముందు చట్టం సంగతి. 1972 వన్యప్రాణి చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఆ షెడ్యూల్‌లో ఉన్న జంతువును, మనుషుల ప్రాణానికి ముప్పయితేనో, కోలుకోలేని జబ్బు చేస్తేనో తప్ప చంపడానికి అనుమతి ఇవ్వరు. పంట తిన్నదంటే కుదరదు. బిహార్‌లో 2016లో నీలగాయిలను కాల్చారు కదా అని ఎవరైనా అనొచ్చు. నీలగాయి ఆ షెడ్యూల్‌లో లేదు, అందుకే కుదిరింది.

చట్టం మార్చుకోవచ్చు అంటారు, సరే. లెక్క సంగతి చూడండి. మేత, నీళ్లు, చోటు కలిపి ఒక నేల ఇన్ని జింకలను మాత్రమే మోయగలదు. దాన్నే పుస్తకాల్లో ధారణ సామర్థ్యం అంటారు. అడ్డులేని జనాభా రెట్టింపవుతూ పోతుందని మాల్థస్ 1798లో రాశాడు. ఆ అడ్డును కూడా సూత్రంలోకి తెచ్చింది బెల్జియం గణితవేత్త వెర్హుల్స్ట్, 1838లో.

ఉదాహరణకు, నిజం అంకెలు కావు, లెక్క కోసమే. మీ ప్రాంతం 1000 జింకలను మోయగలదు, ఇబ్బందేమీ లేకపోతే ఏడాదికి 30 శాతం పెరుగుతాయి అనుకోండి. 900 ఉన్నప్పుడు ఖాళీ ఉన్న చోటు పదో వంతే, కాబట్టి 270 పెరగాల్సింది పోయి ఏడాదికి నికరంగా పెరిగేవి 27. మేత చాలక పిల్లలు బతకవు, ఆడజింకలు ఆలస్యంగా ఈనుతాయి. మీరు 400 కాల్చి 500కి తెచ్చారు. ఇప్పుడు సగం చోటు ఖాళీ, కాబట్టి 150లో సగం, ఏడాదికి 75 పెరుగుతాయి. మిగిలినవాటికి మేత బాగా దొరుకుతుంది కదా. కాల్చి ఊరుకుంటే కొన్నేళ్లకు మళ్లీ మొదటికే వస్తాం.

ఆస్పరి రైతు:
సార్, మీ లెక్కే నా వైపు మాట్లాడుతోంది. 500 దగ్గర ఏటా 75 తీసేస్తే అక్కడే ఆగిపోతుంది కదా? 900 మేసే చేనులో 500 మేస్తే నాకు సగం పంట దక్కుతుంది. నేను అడిగింది ఏటా తీయమనే. ఒక్కసారి కాల్చి వదిలేయమని కాదు.

జువాలజీ సార్, అనంతపురం:
కాగితం మీద ఆగుతుంది. ఒక ఏడు టెండరు పడదు, ఒక ఏడు కోర్టులో స్టే వస్తుంది, ఒక ఏడు వానలు బాగా పడి పిల్లలన్నీ బతుకుతాయి. అదీగాక, ఎన్ని ఉన్నాయో సరిగా లెక్కపెట్టకుండా 75 అని ఎలా తీస్తాం? 300 మాత్రమే ఉన్నచోట ఏటా 75 తీస్తే కొన్నేళ్లలో ఒక్కటీ మిగలదు.

గుత్తి కుర్రోడు:
నేనైతే ఒక్కసారి కాల్చడమూ వద్దు, ఏటా కాల్చడమూ వద్దంటాను. వదిలేస్తే ప్రకృతే సర్దుకుంటుంది. అలాస్కా దగ్గర సెయింట్ మాథ్యూ అని ఒక దీవి ఉంది. 1944లో అమెరికా వాళ్లు 29 రెయిన్‌డీర్లను అక్కడ వదిలారు. తినే జంతువు లేదు. 1957కు 1350 అయ్యాయి, 1963కు 6000. నేలమీదున్న నాచులాంటి మేతంతా తినేశాయి, తర్వాత గట్టి చలికాలం వచ్చింది. 1966లో లెక్కిస్తే మిగిలినవి 42. సంఖ్య తగ్గించడానికి ఎవరూ తుపాకీ పట్టలేదు.

ఆస్పరి రైతు:
తమ్ముడూ, ఆ దీవిలో శనగ చేలున్నాయా? అక్కడ మేత అయిపోయింది, చచ్చాయి. ఇక్కడ బీడులో గడ్డి అయిపోతే చావవు, నా చేనుకు వస్తాయి. నువ్వు చెప్పే "సర్దుకోవడం" నా పంట ఖర్చుతో జరుగుతుంది.

నందికొట్కూరు పెద్దకాపు:
నాయనా, మా పక్క జరిగింది చెబుతా వినండి. రోళ్లపాడు అప్పట్లో కర్నూలు జిల్లాయే, ఇప్పుడు నంద్యాల జిల్లాలో పడింది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు, దాదాపు 614 హెక్టార్లు. పిట్టను కాపాడాలని కాపలా పెట్టారు. ఆ కాపలాలో బాగుపడింది జింక. మంద పెరిగింది, చుట్టుపక్కల చేలల్లో పడింది, రైతులకు ఒళ్లు మండింది. ఆ కోపం అభయారణ్యం మీదికీ, పాపం ఏ పంటా పాడుచేయని ఆ పిట్ట మీదికీ మళ్లింది. ఇప్పుడు పిట్ట కానరాదు, జింకలున్నాయి.

ఒకే గడ్డిలో, ఒకే కాపలాలో ఒకటి పెరిగి ఇంకొకటి ఎందుకు పోయిందంటే, పిట్ట ఏడాదికి పెట్టేది మామూలుగా ఒక్క గుడ్డే, అదీ నేలమీద. కుక్కా నక్కా తిన్నాయంటే ఆ ఏడు పోయినట్టే. జింక చూలు కట్టిన ఆరు నెలలకే ఈనుతుంది, మేత బాగుంటే ఏడాదికి రెండుసార్లూ ఈనగలదు. మా ఊళ్లో ఈ తేడా తెలిసినవాళ్లు ఉన్నారు గాని అడిగినవాడు లేడు. కాల్చడం గురించి నాకు తేల్చి చెప్పడం రాదు. కానీ కాపలా పెట్టి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో కళ్లారా చూశాం.

కడప పశువైద్యురాలు:
పెద్దాయన మాటతో ఏకీభవిస్తాను. ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. జింకలు నిజంగా పెరిగాయా, లేక ఒకచోట గుమిగూడాయా? బీడుభూములు సాగులోకి వచ్చాయి. ఓర్వకల్లు వైపు గని, శకునాల అనే ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుకు వేల ఎకరాలు పోయాయి. తిరిగే నేల తగ్గితే, సంఖ్య అంతే ఉన్నా మీ చేను దగ్గర మంద పెద్దదిగా కనబడుతుంది. నేను పెరగలేదని అనడం లేదు. కంటిచూపును లెక్కగా తీసుకుని తుపాకీ ఎత్తడం ప్రమాదం అంటున్నాను.

ఇంకో సంగతి. జంతువుల సంఖ్యను తేల్చేది ఏడాది మొత్తం దొరికే మేత కాదు, అన్నిటికన్నా కరువైన నెలల్లో దొరికే మేత. మన సీమలో అది ఏప్రిల్, మే. ఒకప్పుడు ఆ నెలల్లో బీళ్లు ఎండిపోయేవి, కుంటలు ఇంకిపోయేవి, బక్క పిల్లలు రాలిపోయేవి. ఇప్పుడు బోర్ల కింద, డ్రిప్ కింద, హంద్రీ-నీవా కాలువ నీళ్లొచ్చిన చోట ఎండాకాలంలోనూ పచ్చగా ఉంటోంది, తాగడానికి ఫారంపాండ్ ఉంది. సార్ చెప్పిన ఆ వెయ్యి అంకెను మనమే పైకి జరిపాం. పైన ఎన్ని కాల్చినా కింద మేత అలాగే ఉంటే లాభమేంటి?

తోడేళ్ల మాట కూడా ఎత్తాలి. జింకపిల్లలను ముఖ్యంగా తినేది అదే. గొర్రెలను ఎత్తుకెళ్తోందని మనవాళ్లే బొరియల్లో పిల్లలను పొగపెట్టి చంపారు, కళేబరాలకు మందు పూశారు. గొర్రెలకాపరి బాధ నాకు తెలుసు, రోజూ వాళ్లతోనే నా పని. కానీ అడ్డు తీసేసింది మనమే.

గుత్తి కుర్రోడు:
అక్కా, అయితే తోడేళ్లను తెచ్చి వదలమంటావా? మా ఊళ్లో గొర్రెలోళ్లు మనల్నే తరుముతారు.

కడప పశువైద్యురాలు:
తెమ్మనడం లేదు. ఉన్నవాటిని చంపకుండా ఉంటే చాలు. గొర్రె పోతే వారంలో డబ్బు చేతికి రావాలి, అప్పుడే అది జరుగుతుంది.

జువాలజీ సార్, అనంతపురం:
ఇంకో దారి కూడా ఉంది, పట్టి తరలించడం. మధ్యప్రదేశ్‌లో షాజాపూర్ వైపు 2025లో హెలికాప్టర్‌తో తోలి, గరాటు ఆకారంలో కట్టిన దడిలోకి మందలను పంపి, లారీల్లో వేరే అడవులకు చేర్చారు. ఆఫ్రికాలో వాడే పద్ధతి, బోమా అంటారు. జింక చాలా బెదురు జంతువు. చేత్తో పట్టుకుంటే భయానికే చచ్చిపోతుంది, అందుకే ఇంత హంగామా. ఖర్చు ఎక్కువ. పైగా మిగిలినవి తొందరగా పెరగడం ఇక్కడా తప్పదు.

ఆస్పరి రైతు:
హెలికాప్టర్ మా మండలానికి ఎప్పుడొస్తుందో గాని, మావాళ్లు సోలార్ కంచె మొదలుపెట్టారు. ఒకడు కంచె వేస్తే మంద పక్కోడి చేనులో పడుతోంది. డబ్బున్నోడి చేను నిలబడుతోంది, కౌలోడి చేను పోతోంది. సరే, మా ఊరంతా వేసుకున్నాం అనుకోండి. అప్పుడు జింకలు ఏం తింటాయి?

కడప పశువైద్యురాలు:
బీడులో ఉన్నదే తింటాయి. చాలకపోతే పిల్లలు బతకవు, సంఖ్య తగ్గుతుంది. అదీ చంపడమే, కాకపోతే తుపాకీ చప్పుడుండదు. దాన్ని దయ అని నేను పేరు పెట్టను. కానీ మీరు కోరేది సంఖ్య తగ్గడమే అయితే, ఏటేటా మళ్లీ చేయాల్సిన అవసరం లేని పద్ధతి అదొక్కటే కనిపిస్తోంది. అందుకే కంచె ఒక్కొక్కరికి సబ్సిడీ ఇచ్చి వదిలేయకుండా ఊరు మొత్తానికి ఒకేసారి వేయాలి, బయట మేత బీడు కొంత వదలాలి.

జువాలజీ సార్, అనంతపురం:
దానికన్నా ముందు లెక్క కావాలి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లున్న చోటికి మందలన్నీ వస్తాయి, అప్పుడే లెక్కించడం తేలిక. మా కాలేజీ పిల్లలను పంపడానికి నేను సిద్ధం. ఆస్పరి అన్న కుంటలు చూపిస్తే చాలు.

ఆస్పరి రైతు:
కుంటలు చూపిస్తా సార్, పిల్లలకు అన్నం కూడా మా ఇంట్లోనే. కానీ నా మాట మారలేదు. మీ లెక్కలో ఎక్కువ ఉన్నాయని తేలితే, ఏటా ఎన్ని తీయాలో కూడా అదే కాగితంలో రాసి పై వాళ్లకు పంపాలి. తక్కువని తేలితే, ఈ కార్తెలో నేను పెట్టిన విత్తనం ఖర్చు ఎవరిస్తారో రాయండి.