అరటి వేళ్ల పిండినల్లికి మందు పోయాలా, పిలకనే శుద్ధి చేయాలా?

మిద్దెతోట, అల్వాల్:
మా మిద్దె మీద డ్రమ్ముల్లో ఉన్న ఆరు కర్పూర అరటి మొక్కల్లో రెండింటి ఆకులు పసుపెక్కి ఎదుగుదల ఆగిపోవడంతో ఒకదాన్ని పెకలించి చూశాను. వేళ్ల చుట్టూ, దుంప మీద సున్నం చల్లినట్టు తెల్లటి పురుగులు, వాటి మధ్య చీమలు కనిపించాయి. క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు కలిపిన నీళ్లు మొదళ్లలో పోయమని మందుల దుకాణంలో చెప్పారు. ఇవన్నీ నిరుడు కోనసీమలోని బంధువుల ఇంటి నుంచి తెచ్చిన పిలకలే. మిగిలిన వాటికి మందు పోయడం సబబేనా?

వ్యవసాయ విద్యార్థి, రాజేంద్రనగర్:
సబబు కాదని నా అభిప్రాయం. ఇలాంటి పురుగుతో ఎక్కువగా నష్టపోయినది దక్షిణ ఇథియోపియా. అక్కడ అరటి కుటుంబానికే చెందిన ఎన్‌సెట్‌ను పండు కోసం కాక దుంప కోసం, కాండం కోసం పెంచుతారు. వాటి గుజ్జును పులియబెట్టి చేసే కోచో వంటి వంటకాలే సుమారు 2 కోట్ల మందికి ఆధారం. దాని వేళ్లను పీల్చే పిండినల్లిని 1999లో కొత్త జాతిగా గుర్తించి కాటెనోకాకస్ ఎన్‌సెటె అని పేరు పెట్టారు. ఆడ పురుగుకు రెక్కలు ఉండవు కనుక అది తనంతట తాను ఎంతో దూరం పోలేదు. పిలకలతోనూ, మట్టి అంటిన పనిముట్లతోనూ పొలం మారుతుంది. పైగా అక్కడ ఒక తల్లి దుంపను కోసి పాతి, దాని చుట్టూ మొలిచిన పదుల కొద్దీ పిలకలను పంచుకుంటారు కాబట్టి తల్లికి పట్టినది పిల్లలన్నిటికీ పాకుతుంది. అంటే మనం చూడవలసింది మట్టిని కాదు, పిలకను.

అరటి రైతు, చేవెళ్ల:
ఎన్‌సెట్ పురుగును తెచ్చి మన అరటికి అంటగట్టడం సరికాదు. కేరళలో అరటి వేళ్ల మీద కనిపించేవి జియోకాకస్ అనే వేరే పిండినల్లి జాతులు, వాటి తీరు వేరు కావచ్చు. ఎకరానికి వెయ్యికి పైగా పిలకలు నాటేవాడు ఒక్కొక్కదాన్ని కడుగుతూ కూర్చుంటే కూలి ఎవరిస్తారు? నాటిన తోటలో పురుగు కనబడ్డాక మందు తప్ప మరో దారి ఏముంది?

వ్యవసాయ విద్యార్థి, రాజేంద్రనగర్:
జాతులు వేరన్న మాట ఒప్పుకుంటాను, తొందరపడ్డాను. అయినా రెండూ మొక్కతోనే ప్రయాణిస్తాయి. పురుగు ఒంటి మీది మైనపు పొడి వల్ల నీటిలో కలిపిన మందు సరిగా అంటదు. అంటినా, తేనెబంక (నల్లులు విసర్జించే తియ్యటి జిగురు) కోసం ఆ నల్లులను కాపాడే చీమలు మిగిలినవాటిని కొత్త వేళ్లకు చేరుస్తాయి. చీమలను వదిలేసి నల్లులను చంపాలనుకోవడం దొంగను పట్టి కాపలావాణ్ణి వదిలినట్టే. ఆఫ్రికాలో అరటి పిలకల వేళ్లు కోసి, దుంపను చెక్కి, మరిగే నీటిలో 30 సెకన్లు ముంచి నాటే పద్ధతి ఉంది.

అరటి రైతు, చేవెళ్ల:
అది నులిపురుగులకూ దుంపతొలుచు పురుగుకూ పరీక్షించిన పద్ధతి బాబూ, పిండినల్లికి కాదు.

వ్యవసాయ విద్యార్థి, రాజేంద్రనగర్:
నిజమే. కానీ నులిపురుగు వేరు లోపల దాగుతుంది, పిండినల్లి పైనే ఉంటుంది. చెక్కడంతోనే అధిక భాగం పోతుందని అనుకోవడంలో తప్పు లేదు. పెద్ద తోట వేసే మీకు ప్రయోగశాలలో పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలు దొరుకుతాయి, ఖర్చు ఎక్కువే అయినా. మిద్దె సంగతి వేరు. డ్రమ్ము అడుగు రంధ్రం నుంచి కారిన మందు నీరు కింది వాటాల వాళ్ల గోడల మీదికి దిగుతుంది. ఐరోపా సమాఖ్య 2020లో అనుమతి ఉపసంహరించిన మందును అలా పారించడం నాకు నచ్చదు.

అరటి రైతు, చేవెళ్ల:
మిద్దె విషయంలో మీ మాటే సరి. నా పొలంలో మాత్రం పురుగు పట్టిన చోటే మందు పోస్తాను, తోటంతా కాదు.

మిద్దెతోట, అల్వాల్:
సరేనండీ. ఆ రెండు మొక్కలనూ మట్టితో సహా తీసి సంచిలో కట్టేశాను. మిగిలిన నాలుగు డ్రమ్ములను ఇటుకల మీదికెత్తి, చీమలు ఎక్కకుండా ఒక్కో ఇటుకను నీళ్ల పళ్లెంలో నిలిపాను. ఈసారి బంధువులు పిలకలు పంపితే గంగాళంలో నీళ్లు మరిగించాకే మిద్దె ఎక్కిస్తాను.