ఈటన్స్‌ను ముంచింది వారసులా, కాలమా?

యంగ్ వీధి:
కెనడాలోని టొరంటో నడిబొడ్డున 1869లో టిమొతీ ఈటన్ పెట్టిన పెద్ద కొట్టు ఈటన్స్ 130 ఏళ్లు ఆ ఇంటివాళ్ల పెత్తనంలోనే నడిచి 1999లో దివాలా తీసింది. ఆ కొట్టు సంగతి ఎత్తితే చాలు, "నాలుగో తరం తగలేసింది" అనేస్తారు. నేనొప్పుకోను. అలాంటి పెద్ద కొట్లే అయిన సియర్స్ కెనడా 2018లో పోయింది, హడ్సన్స్ బే 2025లో మూసేసింది. వాటిని ఏ మునిమనవలు ముంచారట? 1994లో చవక ధరల వాల్‌మార్ట్ కెనడాలో దిగాక ఊరి మధ్య పెద్ద కొట్లు చాలావాటికి ఆ గతే పట్టింది.

లెక్కల మాస్టారు:
ఆ రెండూ ఇంకో 19, 26 ఏళ్లు బతికాయి కదండీ! అదే వాల్‌మార్ట్, అవే వీధులు. 1991లో టిమొతీ మునిమనవడు జార్జ్ ఈటన్ హయాంలో ఏం చేశారో చూడండి. తగ్గింపు సేల్స్ ఎత్తేసి, ఏడాది పొడుగునా ఒకటే ధర అన్నారు. బేరం లేదు, అరువు లేదు, నచ్చకపోతే డబ్బు వాపసు అని ముత్తాత అన్నప్పుడు అది జనానికి వింత. ఆదివారం అద్దాల ముందు తెరలు దించేసేవాడు, పొగాకు అమ్మనిచ్చేవాడు కాదు, అయినా ఎగబడి వచ్చారు. 1991 నాటికి జనం సేల్ కోసమే కాచుకుని ఉన్నారు. జీతానికి పెట్టుకున్న మేనేజరైతే ఆ పంతానికి ఇంటికి పంపేవాళ్లు. యజమానులైన అన్నలు సొంత తమ్ముణ్ణి పంపిస్తారా?

పాత క్యాటలాగు:
మీరిద్దరూ 1990లు దాటి వెనక్కి వెళ్లడం లేదు. 1884లో మొదలైన క్యాటలాగే అసలు ఈటన్స్. పడమటి మైదానాల్లో రైతు దాన్ని చూసి ఇల్లు కట్టుకునే సామాను కూడా తెప్పించుకునేవాడు. పాతబడ్డాక పిల్లలు హాకీ ఆటలో దెబ్బ తగలకుండా దాన్నే మోకాళ్ల కింద కట్టుకునేవాళ్లు (మనకు నవ్వొస్తుంది గానీ, బాగా లావు పుస్తకం మరి). 1976లో దాన్ని ఆపేశారు. మరుసటేడు టొరంటోలో ఈటన్ సెంటర్ అనే మాల్ తెరిచారు. పల్లెను వదులుకుని మాల్‌ను పట్టుకున్నారు.

యంగ్ వీధి:
నష్టాల్లో ఉన్న క్యాటలాగును మోస్తూ కూర్చుంటే అప్పుడు మొండితనం అనేవాళ్లు మీరే! పైగా 1997లో బయటినుంచి అధిపతిని తెచ్చారు, 1998లో షేర్లు జనానికి అమ్మారు. ఏమైంది? ఏడాది తిరిగేసరికి దివాలా.

లెక్కల మాస్టారు:
1997 ఫిబ్రవరిలో అప్పులవాళ్లు మీద పడకుండా కోర్టుకెక్కాక వచ్చిన అధిపతి ఆయన. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. జార్జ్‌ను గద్దెనెక్కించిన 1988లోనే బయటివాణ్ణి కూర్చోబెట్టి ఉంటే, అప్పుడు తప్పు కాలానిదని నేనూ అందును.