అప్‌డేట్: తనిఖీలో లైసెన్సు చూపాలంటే ఫోను చేతికివ్వాలా?

లైసెన్సు ఫోనులో ఉంటే, తాళం తీసిన ఫోనును తనిఖీ చేసేవారి చేతికి ఇవ్వాల్సిందేనా అని అడిగాను కదా. జవాబు రాసిన అందరికీ కృతజ్ఞతలు.

మీరు చెప్పినట్టే ముందు నిబంధన చదివాను. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ దాన్ని 2018లో సవరించారు. పత్రాలను కాగితం మీదైనా, ఎలక్ట్రానిక్ రూపంలోనైనా చూపవచ్చు. ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్, ఎంపరివాహన్‌లలోని లైసెన్సు చెల్లుతుంది. గ్యాలరీలో దాచుకున్న ఫొటో వేరు, దాన్ని నమ్ముకోకండి.

మొన్న కాజీపేట నుంచి హనుమకొండ వస్తుంటే బండి ఆపారు. యాప్ తెరిచి తెరను పిన్ చేశాను, అంటే ఆ ఒక్క యాప్ మీదే తెర నిలిచిపోయేలా పెట్టాను. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లోనే ఈ సదుపాయం ఉంది. తాళం అడిగేలా పెట్టుకుంటే మరో యాప్‌లోకి ఎవరూ వెళ్లలేరు. ఫోను నా చేతిలోనే ఉంచి క్యూఆర్ కోడ్ చూపించాను.

"ఇటివ్వండి" అన్నారు తనిఖీ చేస్తున్నాయన.

"ఇలాగే స్కాన్ చేసుకోండి సార్. బ్యాంకు ఖాతా, ఇంటివాళ్ల ఫొటోలు అన్నీ ఇందులోనే ఉన్నాయి."

ఒక్క క్షణం నా వంక చూసి, నంబరు రాసుకుని వెళ్లమన్నారు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. అద్దె బండి కావాలంటే లైసెన్సును వాట్సాప్‌లో పంపమంటున్నారు. పుట్టిన తేదీ, చిరునామా, ఫొటో అన్నీ ఆ దుకాణం ఫోనులో ఎన్నాళ్లుంటాయి? ఫోనులోని లైసెన్సుల కోసం 2021లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 18013-5లో అడిగిన వివరం వరకే చూపే వీలుంది. మనకూ అదే పద్ధతి కావాలి. ప్రస్తుతానికి నేను ఎవరికీ పంపడం లేదు, ఎదురుగా చూపిస్తున్నాను.