సమస్యాపూరణం: తిరగలి విసరఁ గవితలు తేనె లొలికె

సంచాలకుడు (అమలాపురం):
ఈ వారం సమస్య తేటగీతి పాదం.

తిరగలి విసరఁ గవితలు తేనె లొలికె

తిరగలి విసిరితే పిండి రాలాలి గానీ కవితలేమిటి? విసుర్రాయి పాటలతో పూరించడం మరీ తేలిక, కాబట్టి ఒక నియమం. పూరణ హస్రత్ మొహానీ మీదే ఉండాలి. ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ నినాదం ఇచ్చిన ఉర్దూ కవి. అలీగఢ్‌లో చదువుకుని 1903లో ‘ఉర్దూ ఎ ముఅల్లా’ పత్రిక పెట్టారు. 1908లో ఈజిప్టులో బ్రిటిష్ వారి విధానాన్ని తప్పుపట్టిన వ్యాసం వేశారు. రాసిందెవరో చెప్పకుండా, నేరం తన మీదే వేసుకుని జైలుకెళ్లారు. అక్కడ తిరగలి తిప్పించారు. కవితా సాధన, తిరగలి చాకిరీ రెండూ సాగుతున్నాయని ఆయనే ఒక షేర్‌లో (రెండు పాదాల ఉర్దూ పద్యంలో) చెప్పుకున్నారు. ఈ సమస్య అక్కడ పుట్టిందే.

రావులపాలెం మాష్టారు:

పేరు చెప్పని నేరమే పెద్దదయ్యె
గోధుమల రాశి ముందర గూరుచుండి
హస్రతను కవి కరములే యలసెఁ గాని
తిరగలి విసరఁ గవితలు తేనె లొలికె

1921లో అహ్మదాబాద్ కాంగ్రెస్‌లో సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని తీర్మానం పెట్టిందీ ఆయనే, గాంధీజీ ఒప్పుకోలేదు. అదీ చెప్పాలని చూశాను, నాలుగు పాదాల్లో పట్టలేదు.

సంచాలకుడు:
‘కరములే’లోని ఏకారం పద్యానికి ప్రాణం, మాష్టారూ. చేతులు అలిసాయని ఒప్పుకున్నాకే తేనె మాట ఎత్తారు. హకారానికి యకారంతో యతి చక్కగా కుదిరింది. రెండో పాదం మాత్రం కథ చెప్పి ఊరుకుంది.

రాజమండ్రి అన్నయ్య:
1908 అనగానే నాకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గుర్తొచ్చారు. వందేమాతరం రోజుల్లో మా ఊరి ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టిన విద్యార్థి. ఆయన్నీ అదే ఏడాది, పత్రికలో వ్యాసానికే జైల్లో పెట్టారు. అలీగఢ్‌లోనూ మన దగ్గరా ఒకే కాలంలో ఒకే కథ! ఆ జత మీద ఎవరైనా సీసం రాయండి.

కొత్తపేట చెల్లాయి:

మక్క కేగిన మనసది మథుర నిలిచె
వేణుగానము వినిపించె వెతల నడుమ
రాయి రాయిని రాపాడు రవము నందె
తిరగలి విసరఁ గవితలు తేనె లొలికె

సంచాలకుడు:
అమ్మా, మూడో పాదం మళ్లీ మళ్లీ చదువుకున్నాను. రాయి రాపిడిలో వేణువు వినిపించారు! హస్రత్ కృష్ణుడి మీద పద్యాలు రాశారు, జన్మాష్టమికి మథుర వెళ్లేవారు, కాబట్టి ఇది కల్పన కాదు. అయితే ఆయన హజ్ యాత్రలు ఈ జైలు తర్వాతి సంగతి. ‘మక్కఁ దలఁచిన’ అనండి. గణమూ చెడదు, కాలమూ చెడదు.

కొత్తపేట చెల్లాయి:
మార్చుకున్నాను, గురువు గారూ.

అంతర్వేది తమ్ముడు:
మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

పుస్తకమ్ములు వేలాన నమ్ముడయ్యె
నింట నిల్లాలు ధైర్యము నిచ్చి నిలువఁ
జెరయె పూదోట యైపోయెఁ జింత లేదు
తిరగలి విసరఁ గవితలు తేనె లొలికె

సంచాలకుడు:
జరిమానా కింద ఆయన పుస్తకాలు వేలం వేసిన సంగతీ, భార్య నిషాతున్నీసా బేగం ధైర్యమూ పట్టుకున్నావు, శభాష్. మొదటి పాదంలో ‘పు’కి ‘నమ్ము’తో యతి పడదు. ‘వేలానఁ బోవుచున్న’ అను. అది చిన్న తప్పే. మూడో పాదం మాత్రం ఒప్పుకోలేను, తమ్ముడూ. గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి, కానీ జైలు పూదోట ఎలా అవుతుంది? చింత లేదంటే ఆయన పడ్డ కష్టం మనమే తుడిచేసినట్టు. తేనె మాట సమస్యలోనే ఉంది, పైన నువ్వు పెట్టాల్సింది రాయి బరువు.

అంతర్వేది తమ్ముడు (మర్నాడు):
అమ్మమ్మ తిరగలి అటక మీంచి దింపి మినుములు విసిరాను. పావుగంటకే భుజం పట్టేసింది, బొటనవేలి మొదట్లో బొబ్బ లేచింది. మూడో పాదం మార్చాను.

పుస్తకమ్ములు వేలానఁ బోవుచున్న
నింట నిల్లాలు ధైర్యము నిచ్చి నిలువఁ
జేతి బొబ్బలు చిట్లినఁ జెదరడయ్యె
తిరగలి విసరఁ గవితలు తేనె లొలికె

రావులపాలెం మాష్టారు:
నా పద్యం కన్నా ఇదే బాగుంది, బాబూ. చేతికి వెన్న రాసుకో.