మూడు మెషీన్లు, ఏడు జాబ్‌లు: పెద్దవి ముందు వేసినా 110 నిమిషాలు ఎందుకు?

ప్రశ్న:
ఒకే రకం మెషీన్లు మూడు. జాబ్‌లు ఏడు, దేనికీ ఇంకోదానితో సంబంధం లేదు, మధ్యలో ఆపి వేరే మెషీన్ మీదకి మార్చడం కుదరదు. నిమిషాల్లో: 50, 50, 40, 40, 30, 30, 30. పెద్దవి ముందు వచ్చేలా సార్ట్ చేసి, ఒక్కోదాన్నీ అప్పటికి లోడ్ తక్కువున్న మెషీన్‌కి ఇస్తున్నాను. మొత్తం ముగిసేసరికి 110. చేత్తో పేరిస్తే 90కే వస్తోంది. కోడ్‌లో తప్పా, పద్ధతిలోనా? అసలు పని మాత్రం 2000 జాబ్‌లు, 20 మెషీన్లు.

జవాబు 1:
కోడ్ బాగానే ఉందండి. మీరు వాడుతున్నది ఎల్‌పీటీ (లాంగెస్ట్ ప్రాసెసింగ్ టైమ్, అంటే పెద్ద జాబ్ ముందు) పద్ధతి. దానికి మీ జాబితా కన్నా చెడ్డ ఇన్‌పుట్ మూడు మెషీన్ల మీద దొరకదు. 50, 50, 40 తలో మెషీన్‌కి వెళ్తాయి. రెండో 40 కూడా మూడో దాని మీదే పడి అది 80 అవుతుంది. రెండు 30లు మిగతా రెంటినీ 80కి తెస్తాయి. ఇక ఆఖరి 30 ఎక్కడ పెట్టినా 110 తప్పదు. 40లు రెండూ ఒకేచోట చేరడంతోనే ఆట అయిపోయింది.

దీని హద్దు గణిత శాస్త్రవేత్త రొనాల్డ్ గ్రాహమ్ 1969లో తేల్చారు: మెషీన్లు 'మ' అయితే ఎల్‌పీటీ కనిష్ఠానికి 4/3 − 1/(3మ) రెట్లు దాటదు. మూడింటికి 11/9. మీ 110/90 సరిగ్గా అదే.

2000 జాబ్‌లకి దీని గురించి బెంగ అక్కర్లేదు. ఫలితం సగటు లోడ్ కన్నా, చివరగా ముగిసే జాబ్ నిడివికి మించి ఎక్కువ కాదు. ఎల్‌పీటీలో అది మామూలుగా చిన్న జాబే. మెషీన్ల లోడ్లు మిన్-హీప్‌లో (అతి చిన్న విలువ ఎప్పుడూ పైనే ఉండే అమరిక) పెట్టుకోండి, చాలు. అయితే ముందు కింది హద్దు ప్రింట్ చేయించండి: మొత్తం ÷ మెషీన్లు, అతి పెద్ద జాబ్, ఈ రెంటిలో పెద్దది. అది లేకుండా 110 మంచిదో చెడ్డదో తెలియదు.

జవాబు 2:
చిన్న సెట్‌లకి మల్టీఫిట్ వాడండి. ఒక గడువు అనుకుని, పెద్దవాటి నుంచి మొదలుపెట్టి, పట్టిన మొదటి మెషీన్‌లో వేసుకుంటూ పోవాలి. అన్నీ పడితే గడువు తగ్గించు, పడకపోతే పెంచు, ప్రతిసారీ మిగిలిన పరిధిని సగం చేస్తూ (బైనరీ సెర్చ్). గడువు 90 అంటే 50+40, 50+40, 30+30+30, సరిగ్గా కూర్చుంటాయి. దీని హద్దు 13/11. ఒక గడువులో పట్టినవి అంతకన్నా పెద్ద గడువులో పట్టకపోవడం కూడా జరుగుతుంది, అందుకే దొరికిన వాటిలో మంచిది దాచుకుని, ఎల్‌పీటీ ఫలితంతో పోల్చి చిన్నది తీసుకోండి.

పంపకం అయ్యాక ప్రతి మెషీన్‌లోనూ చిన్నవి ముందు నడపండి. ముగింపు మారదు, అదే 90. కానీ ఏడింటి ముగింపు సమయాల మొత్తం 460 నుంచి 440కి దిగుతుంది. ఊరికే వచ్చే లాభం, చాలామంది వదిలేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్. కొన్ని జాబ్‌లు వేరేవాటి కోసం ఆగాల్సి వస్తే? ఒక మెషీన్ అదనంగా పెడితే సరిపోతుందా?

జవాబు 3:
పెట్టే ముందు లెక్క వేసుకోండి, సమయం పెరగొచ్చు. గ్రాహమ్ 1966 నాటి ఉదాహరణ: నిడివులు వరుసగా 3, 2, 2, 2, 4, 4, 4, 4, 9. మొదటిది అయ్యాకే తొమ్మిదోది. నాలుగోది అయ్యాకే 5 నుంచి 8 దాకా. జాబితా వరుసలో, ఖాళీ అయిన మెషీన్‌కి సిద్ధంగా ఉన్నది ఇస్తూ పోతే మూడు మెషీన్ల మీద 12. నాలుగైతే 15! నాలుగో జాబ్ మొదట్లోనే మొదలై 2కి ముగుస్తుంది, 4 నిడివి జాబ్‌లు మెషీన్లన్నీ ఆక్రమిస్తాయి, 9 నిడివిది 6 దాకా ఆగాలి. మందు: ప్రతి జాబ్ నుంచి చివరిదాకా ఉన్న అతి పొడవైన గొలుసు కొలిచి, పొడవైన గొలుసున్నవాటికి ముందు పీట వేయండి. ఇక్కడ మొదటి జాబ్ గొలుసు 12, కాబట్టి అది, దాని వెంటనే తొమ్మిదోది. ఎన్ని మెషీన్లు పెట్టినా 12 కన్నా తగ్గదు.

మెషీన్ల వేగాలు వేరైతే ఇంకో చిక్కు: హీప్ పైన ఉన్న తక్కువ లోడ్ మెషీన్ నత్త కావచ్చు. అప్పుడు లోడ్ కాదు, ఈ జాబ్ వేస్తే ఎప్పుడు ముగుస్తుందో 20 మెషీన్లకీ లెక్కగట్టి ముందు ముగిసేదానికి ఇవ్వండి.